చదివినదానికి ఒక చిట్టా

(సమాఖ్య వార్షికోత్సవ సభలో అంకులి చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి లేచాడంటే పట్టు ధర, నూలు ధర, వచ్చిన రిబేటు, రావలసిన రిబేటు, ఇవే చెబుతాడని మీకు భయం. అవి సర్వసభ్య సమావేశంలో చెప్పుకొందాం. సంచిక పని చూస్తున్న కుర్రాళ్ళు వచ్చి, "తాతా, మీరేదో పుస్తకం రాస్తుంటారట, దాని గురించి చెప్పండి" అన్నారు. మేము పుస్తకం రాసేంత వాళ్ళం కాము. చదివిన పుస్తకాల గురించి ఒక నోటుబుక్కులో రాసుకొంటాం, అంతే. ఇప్పటికి పదకొండు నోటుబుక్కులు అయ్యాయి. ఇందులో సభలో చెప్పేంత సంగతి ఏటుందని మొదట అనుకొన్నాం. ఈ మధ్య మన వీధిలో జరిగిన ఒక సంగతి చూశాక చెప్పవలసిందే అనిపించింది. ఆ సంగతి కాసేపటికి వస్తుంది.

మా చదువు ఎనిమిదో తరగతి. అందులో అయిదు వరకు తెలుగు, ఆ పైన ఒడియా. తరవాత గుంట మగ్గమే మా బడి. సంఘంలో గుమాస్తాగా చేరింది 1983లో. అప్పటి కార్యదర్శి గారు మాకు మొదట నేర్పింది పుస్తకాలు రాయడం. రోకడ చిట్టా, నూలు రిజిస్టరు, కూలి పుస్తకం, మినిట్సు. ఆయన పద్ధతి ఏటంటే, ఒక చిలప పట్టు గుమ్మం దాటితే ఎడమ పక్క రాయాలి. అది చీరయి గుమ్మంలోకి తిరిగి వస్తే కుడి పక్క రాయాలి. ఎడమ పక్క నిండి కుడి పక్క ఖాళీగా ఉందంటే ఎక్కడో సరుకు నిలిచిపోయిందని అర్థం. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, రోజూ రాసే ఓపిక ఉండాలి.

ఆ రోజుల్లో మాకు చదివే యావ ఎక్కువ. ఏం దొరికితే అది. బరంపురం స్టేషనులో కొన్న వారపత్రిక, ఇచ్ఛాపురం వెళ్ళినవాళ్ళు తెచ్చిన నవల, పొట్లం కట్టిన కాగితం కూడా వదిలేవాళ్ళం కాదు. పెద్దమ్మాయి కోసం చందమామ తెచ్చేవాళ్ళం. దాని ఒడియా పత్రిక జహ్నమాము. మన గంజాం పిల్లలకు ఆ రెండూ ఉండేవి. ఒకే బొమ్మ, ఒకే బేతాళుడు, ఒక పక్క తెలుగు అక్షరం, ఒక పక్క ఒడియా అక్షరం. ఒక సాయంత్రం అమ్మాయి, "నాన్నా, పోయిన నెల కథలో రాజు ఏమన్నాడు?" అని అడిగింది. సంఘంలో పోయిన నెల పద్దు అడిగితే పేజీ తీసి చూపించగలం. ఈ రాజుగారి మాటకు తీసి చూపించే పేజీ లేదు. మర్నాడే మిగిలిపోయిన కూలి పుస్తకం ఒకటి తెచ్చి మధ్యలో గీత కొట్టాం. ఎడమ పక్క పుస్తకం పేరు, రాసినవారి పేరు, ఎవరి దగ్గర తెచ్చాం, ఏ తేదీ మొదలు, ఏ తేదీ ముగింపు. కుడి పక్క, అది మనలోంచి ఏమై తిరిగి వచ్చింది. ఇది 1987 సంగతి.

ఈ కుడి పక్క నింపడమే కష్టం. ఎడమ పక్క ఎవరైనా రాస్తారు. కుడి పక్కన మొదట్లో కథ మొత్తం రాసేసేవాళ్ళం. రెండు నెలలకు చెయ్యి నొప్పి పుట్టి మానేశాం. కథ పుస్తకంలో ఉండనే ఉంది, మళ్ళీ మన చేత్తో నెయ్యడం ఎందుకు? అందుకని ఒక మాట మాకు నచ్చితే ఎందుకు నచ్చింది, ఒక చోట కోపం వస్తే ఎవరి మీద వచ్చింది, ఎక్కడ చదవలేక పక్కన పెట్టాం, ఏ మాటకు అర్థం తెలియలేదు, ఇలాంటివి మాత్రం రాయడం మొదలుపెట్టాం. ఒకో పుస్తకానికి నాలుగు వరసలు. ఒకోదానికి నాలుగు పేజీలు. ఒక పుస్తకం ఎదురుగా మొత్తం రాసింది, "ఇది మాకు కాదు" అని. దాని పేరు ఇక్కడ చెప్పం, రాసినవారి అభిమానులు ఈ హాల్లోనే ఉండవచ్చు.

చదివింది రాసి పెట్టుకొంటే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చెబుతాం. ఫకీర్ మోహన్ సేనాపతి గారి "ఛ మాణ ఆఠ గుంఠ" నవల పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1897లో పత్రికలో రావడం మొదలై 1902లో పుస్తకంగా వచ్చింది. ఒడియా బడికి వెళ్ళిన పిల్లలకు ఆయన పేరు పాఠాల్లోనే తెలుస్తుంది. కాని అది మన నేతవాళ్ళ కథ అని ఎంతమందికి గుర్తుంది? భగియా, సారియా అని మొగుడూ పెళ్ళాం, తంతి కులంవాళ్ళు, మగ్గం మీద బతికేవాళ్ళు. పిల్లలు లేరు. ఆరు మాణాల ఎనిమిది గుంఠల మంచి భూమి ఉంది, ఒక ఆవు ఉంది. ఊరి జమీందారు రామచంద్ర మంగరాజు కన్ను ఆ భూమి మీద పడింది. అమ్మవారికి గుడి కట్టిస్తే కడుపు పండుతుందని వాళ్ళను నమ్మించి, ఆ గుడికి తానే అప్పు ఇచ్చి, భూమి తాకట్టు రాయించుకొంటాడు. ఆ తరవాత ఏమయిందో ఊహించుకోవడానికి మనకు నవల అక్కరలేదు.

ఆ పుస్తకం మేము మూడుసార్లు చదివాం. మూడుసార్లూ కుడి పక్క రాసుకొన్నాం. 1991లో రాసింది అంతా భూమి గురించే ఉంది. ఎనిమిది గుంఠలు అంటే ఎంత, మాణానికి ఎన్ని గుంఠలు, అంత భూమికి ఆ రోజుల్లో ఎంత పంట వస్తుంది, ఇలా లెక్కలు. అప్పట్లో మా నాన్నగారి వాటా పంపకాలు జరుగుతున్నాయి, అందుకని కాబోలు. 2002లో రాసింది చూస్తే భూమి మాటే లేదు. అంతా కాగితం గురించి ఉంది. తాకట్టు కాగితం ఎవరు రాశారు, ఎవరు చదివి వినిపించారు, సాక్షి సంతకం ఎవరిది. అప్పటికి మేము కార్యదర్శి అయ్యాం, సభ్యుల రుణాల కాగితాలు రోజూ మా బల్ల మీదకు వచ్చేవి. వేలిముద్ర వేసే ప్రతి మనిషికీ ఆ కాగితం ముందు తెలుగులో, తరవాత ఒడియాలో చదివి వినిపించాలని సంఘంలో మేము పెట్టిన ఆనవాయితీ ఆ నెలలోనే మొదలయింది. రెండు పుస్తకాల్లో తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. సంఘం మినిట్సులో తీర్మానం ఉంది. తీర్మానానికి కారణం మా నోటుబుక్కులో ఉంది.

మూడోసారి 2014లో, ఫైలిన్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు. అప్పుడు రాసింది మూడే వరసలు, అవీ ఆవు గురించి. ఆ ఆవు పేరు "నేత". ఒడియాలో ఆ మాట వేరు, మనకు వేరు. కాని ఒక నేతవాడి ఇంట్లో ఆవును "నేతా, నేతా" అని పిలుస్తుంటే తెలుగువాడి చెవికి ఎలా ఉంటుందో మీరే చూడండి. భూమి పోయాక ఆవును కూడా తోలుకుపోతారు. సారియా ఆ భూమి కోసం, ఆ ఆవు కోసం ఏడుస్తూనే పోతుంది. మొదటి రెండుసార్లు ఆవు పేరు మా కంటికి ఆనలేదు. మూడోసారి ఆనింది. ఆ ఏడు మన వీధుల్లో ఎన్ని మగ్గాల గుంటలు నీటితో నిండాయో మీకు గుర్తే.

పుస్తకం అదే, అక్షరం మారలేదు. చదివే మనిషి మారాడు. ఆ మారడం ఎక్కడా కనపడదు, ఫొటోలో జుట్టు నెరవడం కనపడుతుంది తప్ప. ఈ నోటుబుక్కులో కనపడుతుంది. ఇదే వరసలో కాళీపట్నం రామారావు మాస్టారి "యజ్ఞం" కథ కూడా ఉంది. 1966లో వచ్చిన కథ. అక్కడా అప్పే, అక్కడా పంచాయితీయే, మన పక్క శ్రీకాకుళం జిల్లా మట్టే. ఒడియా నవల పేజీలోంచి బాణం గీసి ఆ కథ పేజీ నంబరు వేసుకొన్నాం. ఆ మాస్టారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా తెచ్చి దాచే పని మొదలుపెట్టారు. ఎవరో ఒకరు కూర్చుని పద్దు రాస్తే గాని అలాంటి ఇల్లు నిలబడదు.

ఇది మేము కనిపెట్టిన పని కాదు. పెద్దవాళ్ళు చేసినదే. గాంధీగారిని 1922 మార్చిలో శిక్ష వేసి ఎరవాడ జైలుకు పంపారు. 1924 ఫిబ్రవరిలో వదిలారు. ఆ రెండేళ్ళలో ఆయన రాట్నం వడికారు, పుస్తకాలు చదివారు. ఆ జైలు డైరీ చూస్తే ఏ పుస్తకం ఏ రోజు మొదలు, ఏ రోజు ముగింపు అని పొడి పొడిగా రాసి ఉంటుంది. మన నూలు రిజిస్టరు లాగే. బయటికి వచ్చాక జైలు అనుభవాలు రాసినప్పుడు చదివిన పుస్తకాల సంగతి అంత వివరంగా చెప్పగలిగారంటే ఆ పొడి పద్దుల బలం ఉండబట్టే అని మా నమ్మకం. గురజాడ అప్పారావు గారూ డైరీలు రాసుకొన్నారు. ఎక్కువ భాగం ఇంగ్లీషులో రాసుకొన్నారు. ఆయన పోయిన తరవాత అవి అచ్చయ్యాయి. కన్యాశుల్కం రాసిన చెయ్యి తన కోసం తాను ఏం రాసుకొనేదో వాటిలో తెలుస్తుంది.

ఇంకొకరి పేరు చెప్పకపోతే మన ఊరికే లోటు. ఏనుగుల వీరాస్వామయ్య గారు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసేవారు. 1830 మే నెలలో మదరాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసి స్నేహితుడికి పంపేవారు. అదే 1838లో "కాశీయాత్ర చరిత్ర" అని అచ్చయింది. తిరుగు ప్రయాణంలో ఆయన జగన్నాథం చూసుకొని మన గంజాం దారినే దక్షిణానికి వెళ్ళారు. అది చదివిన పుస్తకాల డైరీ కాదు, నడిచిన దారి డైరీ. ఆయన రాయకపోతే ఆ రోజుల్లో ఈ దారిలో సత్రాలు ఎక్కడ ఉండేవో, నీళ్ళు ఎక్కడ దొరికేవో అంత వివరంగా ఎవరు చెబుతారు? చదవడం కూడా ఒక దారి నడవడమే కాబట్టి ఇక్కడ చెప్పాం.

"మాకు భాష రాదు, తప్పులు పోతాయి" అని మన అక్కచెల్లెళ్ళు అంటుంటారు. దీనికి జవాబు మన జిల్లాలోనే ఉంది. ఇప్పుడు గజపతి జిల్లా అయింది గాని 1992 వరకు పర్లాకిమిడి గంజాం జిల్లాలోదే. ఆ పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు పిల్లలకు పాఠాలు చెప్పారు. సవరవాళ్ళ భాష నేర్చుకొని ఆ భాషలో పుస్తకాలు చేశారు. మనిషి మాట్లాడే తెలుగే రాయడానికి పనికివస్తుందని జన్మంతా వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోయారు, మన తాతలు ఇక్కడే ఉండిపోయారు. మగ్గం ఎత్తుకొని ఎక్కడికి పోతారు? ఆ పంతులు గారి పేరు తలచుకొనైనా, మన ఇంట్లో మాట్లాడే మాటనే మన నోటుబుక్కులో రాసుకోవచ్చు. "ఏటి" అని రాస్తే ఎవరూ మార్కులు తీసెయ్యరు. ఒడియా మాట వస్తే ఒడియా మాటే వెయ్యండి. మా నోటుబుక్కులు చూస్తే పడుగు తెలుగు, పేక ఒడియా.

ఇప్పుడు ఆ సంగతికి వస్తాం.

మన సంఘం సభ్యుడు ఒకాయన పోయారు. పేరు చెప్పం. మంచి నేతగాడు, మాట తక్కువ. మేము రాసుకోవడం చూసి ఆయన కూడా ఒక నోటుబుక్కు పెట్టుకొన్నాడని మాకు చూచాయగా తెలుసు, ఎప్పుడూ చూపించలేదు. కొడుకు సూరత్‌లో పవర్‌లూమ్‌లో పని చేస్తాడు. మన గంజాం కుర్రాళ్ళు ఎంతమంది అక్కడ ఉన్నారో మీకు చెప్పనక్కరలేదు. తండ్రి పోయిన కబురు విని వచ్చాడు. కర్మలు అయ్యాక ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. అబ్బాయి చదువు అంతా ఒడియాలో. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. పేజీకి ఒక తేదీ, ఎవరిదో పేరు, పక్కన అంకె. 45 అని, 112 అని, 208 అని. అతనికి గుండె ఝల్లుమంది. రాత్రి మా ఇంటికి వచ్చి, "పెదనాన్నా, నాన్న ఎవరెవరికో బాకీ ఉన్నట్టున్నాడు. ఎంతవుతుందో కూడి చెప్పు. నేను సూరత్ వెళ్ళి పంపుతాను" అన్నాడు.

మేము కళ్ళద్దాలు పెట్టుకొని చూశాం. ఆ పేర్లు పుస్తకాలు రాసినవాళ్ళవి. ఆ అంకెలు ఆ రోజు చదవడం ఆపిన పేజీ నంబర్లు.

అబ్బాయికి మొదట నమ్మకం కుదరలేదు. "బాకీ లేదా?" అని మూడుసార్లు అడిగాడు. లేదురా అని చెప్పి, మొదటి పేజీ నుంచి చదివి వినిపించాం. రెండు సాయంత్రాలు పట్టింది. ఆయన మా లాగ ఎక్కువ రాయలేదు. ఒకటీ అరా మాట. ఒక నవల ఎదురుగా, "ఈవిడ ఓర్పు మా అమ్మ ఓర్పు" అని ఉంది. ఒక భక్తి పుస్తకం ఎదురుగా, "నిద్ర వచ్చింది" అని ఉంది. అబ్బాయి నవ్వాడు. తరవాత ఒక పేజీ వచ్చింది. పుస్తకం పేరు, 63 అంకె, దాని కింద ఇలా ఉంది: "ఇక్కడ ఆపేను. పిల్లడి బండి రాత్రి తొమ్మిదికి. స్టేషనుకి వెళ్ళాలి." తేదీ చూస్తే, ఆ అబ్బాయి మొదటిసారి సూరత్ బండి ఎక్కిన రోజు. దాని తరవాత ఆ పుస్తకం మళ్ళీ మొదలుపెట్టినట్టు ఎక్కడా లేదు. 63 దగ్గరే ఉండిపోయింది.

అక్కడ మేము చదవడం ఆపాం. అబ్బాయి ఆ పేజీ ఫోనులో ఫొటో తీసుకొన్నాడు. అది తన తండ్రి చేతిరాత అని తెలుసు, అందులో తన గురించి ఉందని ఇప్పుడు తెలిసింది, తన కళ్ళతో చదువుకోలేడు. ఆ కుర్రాడి మొహం చూస్తే మాకు మాట రాలేదు.

అయ్యా, అమ్మా, మన పరిస్థితి ఇది. తెలుగు అక్షరం మన ఇళ్ళలోంచి పోతోంది. ఒడియా రావాలి, వస్తేనే మన పిల్లలకు ఇక్కడ బతుకు, దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ అక్షరం కూడా మనకు అన్నం పెట్టింది. ఫకీర్ మోహన్ గారిని మేము చదువుకొన్నది ఆ అక్షరంలోనే. కాని ఇంట్లో తెలుగు మాట మిగిలి, తెలుగు రాత పోయినప్పుడు, తాత రాసింది మనవడికి బాకీ పద్దులా కనపడుతుంది. పుస్తకాల షాపు లేదు, తెలుగు పేపరు కొనే ఇల్లు వీధికి ఒకటీ రెండూ. చందమామ లేదు, జహ్నమామూ లేదు. వేటపాలెం లాంటి చేనేత ఊళ్ళో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. మన దగ్గర అంత పెద్ద గ్రంథాలయం కట్టడం ఇప్పట్లో మన వల్ల అయ్యే పనేనా? ఇంటికొక నోటుబుక్కు మాత్రం అవుతుంది.

ఆ అబ్బాయి సంగతి ఇంకా కొంచెం ఉంది. సూరత్ వెళ్ళే ముందు ఒడియాలోనే మమ్మల్ని అడిగి, తండ్రి నోటుబుక్కులో ప్రతి పేజీ కింద అర్థం ఒడియా అక్షరాల్లో రాసుకొన్నాడు. పైన తండ్రి తెలుగు, కింద కొడుకు ఒడియా. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఒక అక్షరం రాసి ఫొటో పంపుతున్నాడు. ఒడియా అక్షరానికీ మన అక్షరానికీ గుండ్రదనం దగ్గరే కాబట్టి చెయ్యి త్వరగానే తిరుగుతోంది. "క" గుణింతం దాకా వచ్చాడు. ఆ 63 నంబరు పుస్తకం కోసం వెతుకుతున్నాడు. మాకు దొరికితే కొని పంపుతాం.

ఇక పని సంగతులు కొన్ని. నోటుబుక్కు ఏదైనా ఫరవాలేదు, అట్ట గట్టిది తీసుకోండి. సిరా పెన్ను వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇంటి పెంకులు లేచిపోయి ట్రంకుపెట్టెలోకి నీళ్ళు దిగాయి. సిరాతో రాసిన రెండు నోటుబుక్కులు నీలం గుడ్డలా తయారయ్యాయి. పెన్సిలుతో రాసిన పేజీలు ఎండలో ఆరబెడితే మళ్ళీ చదవడానికి వచ్చాయి. అప్పటి నుంచి మాది పెన్సిలే. రోజూ రాయాలని నియమం పెట్టుకోకండి. పడుగు అతికే రోజు, పెళ్ళిళ్ళ ముందు పని ఒత్తిడి రోజు, ఠాకురాణీ యాత్ర జరిగే నెల, ఇవన్నీ మా నోటుబుక్కుల్లో ఖాళీయే. యాత్రలో వేషాలు చూడక పుస్తకాలు ఎవడు చదువుతాడు?

చదవడం రానివాళ్ళు కూడా ఇది చెయ్యవచ్చు. మా వీధిలో ఒక అప్ప ఉంది, కండెలు చుడుతుంది. మనవరాలు పక్కన కూర్చుని బడి పుస్తకంలోని కథ పైకి చదువుతుంది. అయ్యాక అప్ప చెబుతుంది, మనవరాలు రాస్తుంది. "ఆ రాజు కూతురిని అడవికి పంపడం నాకు నచ్చలేదు, రాసుకో" అంటుంది. విన్న పుస్తకం కూడా చదివిన పుస్తకం కిందే మేము జమ కడతాం. ఆ మనవరాలికి ఇప్పుడు రెండు అక్షరాలూ వస్తున్నాయి, ఎందుకంటే అప్ప చెప్పేది తెలుగులో కదా.

"ఫోనులో రాసుకోవచ్చు కదా తాతా" అంటారు పిల్లలు. రాసుకోండి. ఈ సంచిక కూడా కాగితం మీద కాక ఫోనులోనే వస్తోంది, మేమేమీ వద్దనలేదు. కాని మీరు రెండు మూడేళ్ళకు ఒక ఫోను మారుస్తారు. పాత ఫోనులో ఉన్నది కొత్త ఫోనులోకి వచ్చిందో లేదో చూసుకొనేది ఎవరు? ఫోనులో రాసినా, ఏడాదికి ఒకసారి ముఖ్యమైనవి ఒక కాగితం మీదకు ఎక్కించండి. ట్రంకుపెట్టె తెరిచినవాడికి పాస్‌వర్డు అక్కరలేదు.

లాభం ఏటి అని అడిగేవాళ్ళు ఉంటారు. డబ్బు లాభం లేదు. చిన్న లాభం ఒకటి ఉంది. ఎవరికి ఏ పుస్తకం అరువు ఇచ్చామో ఎడమ పక్క రాసి ఉంటుంది కాబట్టి మరిచిపోము. 1994లో మా దగ్గర ఒక నవల తీసుకొని ఇంతవరకు తిరిగి ఇవ్వని బావగారు ఒకరు ఈ హాల్లోనే ఉన్నారు, మూడో వరసలో. పేరు చెప్పం, ఆయనకు తెలుసు.

సంఘం తరఫున గట్టి అట్టల నోటుబుక్కులు, ఒకోదానికి ఒక పెన్సిలు తెచ్చాం. బయటికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంటాయి. ఇంటికి ఒకటి. మధ్యలో గీత మేమే కొట్టి ఉంచాం. తీసుకొన్నవాళ్ళు పక్కనున్న రిజిస్టరులో సంతకం చెయ్యండి, తెలుగులో చేసినా, ఒడియాలో చేసినా, వేలిముద్ర వేసినా సరే. ఆ రిజిస్టరులో కుడి పక్క కూడా ఒక గడి ఉంది. వచ్చే వార్షికోత్సవానికి మీ నోటుబుక్కు తెచ్చి చూపిస్తే అక్కడ తేదీ వేస్తాం. లోపల రాసింది చూడం, రాశారో లేదో మాత్రం చూస్తాం. మూడో వరస బావగారికి కూడా ఒకటి ఇస్తాం. ముందు మా నవల తెచ్చి ఇవ్వాలి.